ఏనుగు మోకరిల్లింది

కెనడాలోని ఓక్‌విల్‌లో సరస్సు ఒడ్డున ఉన్న ఆ భవంతి హాల్లో, గోడకు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక నేత తెర వేలాడుతోంది. టాపెస్ట్రీ అంటారట. నాలుగున్నర శతాబ్దాల నాటిది. ఎక్కడో ఫ్రాన్సులో రాణిగారి కొలువులో జరిగిన పండుగను ఉన్నితో, పట్టుతో, వెండి జరీతో నేశారు. పందిరి కింద రాణి, చుట్టూ ఈకల టోపీల దొరలు, కొలనులో పడవలు, ఒక పక్క వీపు మీద బురుజు మోస్తున్న ఏనుగు. నేసినవాళ్లు పుట్టి ఎన్నడూ ఏనుగును చూసి ఉండరని, వడ్డించే పనికి వచ్చిన నిఖిలకు అనిపించింది. దానికి మనిషి కళ్లు పెట్టారు.

ఆ సాయంత్రం తెరలోని పండుగను హాల్లో ఆడిస్తున్నారు. ఏదో మంచి పనికి విరాళాలు పోగుచేసే విందు. అతిథులంతా దొరల వేషాల్లో వస్తారు, ఇంటావిడ రాణి. వడ్డించడానికీ, మోయడానికీ కాలేజీ స్టూడెంట్లు. వాళ్లను కుదిర్చింది విద్య. ఒంగోలు నుంచి ఎప్పుడో వచ్చి, ఈవెంట్ కంపెనీలో మేనేజర్ అయింది. కోవిడ్ తగ్గాక స్టూడెంట్లు వెల్లువలా దిగుతున్న ఏడాది అది. ఒకరు రాననే లోపు పదిమంది 'నేనొస్తా అక్కా' అనేవాళ్లు.

ఏనుగు వేషంలోకి లోహిత్, రేవంత్ అనే ఇద్దరు స్టూడెంట్లను పంపారు. ఇనుప చట్రం, దాని మీద మందపాటి ఉన్నిగుడ్డ, వీపున చెక్క బురుజు. ముందు కాళ్లు లోహిత్, వెనక కాళ్లు రేవంత్. లోహిత్ నిఖిల క్లాస్‌మేట్, జనగామ పిల్లవాడు. గోడౌన్‌లో షిఫ్ట్ దిగి క్లాసుకు, క్లాసు నుంచి నేరుగా ఇక్కడికి వచ్చాడు.

రిహార్సల్ అయ్యాక అతను తొండం కింద నుంచి తల బయటపెట్టాడు. ముఖం పాలిపోయి, చెమటలు కారుతున్నాయి.

"లోపల ఊపిరాడ్తలేదే నిఖిలా. ఛాతి పట్టేసినట్టుంది."

"అక్కకు చెప్పు మరి."

చెప్పాడు. విద్య చేతిలోని వాకీటాకీ దించి అతని నుదురు తాకి చూసింది. "గ్యాస్ అయ్యుంటుంది నాన్నా. పొద్దుట్నుంచీ ఏమైనా తిన్నావా? ఎంట్రీ ఒక్కటీ కానిచ్చెయ్, వెంటనే తీసేద్దువుగాని. ఇప్పటికిప్పుడు నీ ప్లేస్‌లో ఎవర్ని తేను?"

విద్య చెడ్డ మనిషి కాదు. ఎయిర్‌పోర్టులో దిగి దిక్కుతోచక నిలబడ్డ నిఖిలను ఇంటికి తీసుకెళ్లి, గది దొరికేదాకా అన్నం పెట్టింది ఆవిడే. ఆవిడ మాటకు ఎదురు చెప్పడానికి నిఖిలకు నోరు రాలేదు.

"జర ఓర్సుకో లోహిత్," అంది తను కూడా.

అతను మళ్లీ లోపలికి దూరాడు.

డప్పులు మోగాయి. ఏనుగు తూలుతూ హాల్లోకి వచ్చింది. బల్లల మధ్య నుంచి నడిచి, సింహాసనం ముందుకు చేరి, ఉన్నట్టుండి ముందు కాళ్ల మీద కూలింది. తొండం నేలకు తగిలింది. ఏనుగు రాణికి మొక్కిందనుకున్నారు అతిథులు. హాలంతా చప్పట్లు. రాణి లేచి, గుండె మీద చెయ్యి వేసుకుని తల వంచింది. ఫొటోగ్రాఫర్ ఏనుగు దగ్గరికి పరిగెత్తాడు.

మోకరిల్లడం రిహార్సల్లో లేదు. గోడ వారగా ట్రే పట్టుకుని ఉన్న నిఖిలకు ఆ సంగతి తెలుసు. విద్య వైపు చూసింది. విద్య ముఖంలో నెత్తుటి చుక్క లేదు. అయినా అరచెయ్యి ఎత్తి, ఆగమని సైగ చేసింది.

నిఖిల ఆగింది.

చప్పట్లు సద్దుమణిగాక గుడ్డ లోపల నుంచి రేవంత్ కేక వినబడింది. "అరేయ్ లోహిత్! లేవరా!" ఏనుగు మాట్లాడుతోందని ఎవరో నవ్వారు. అప్పుడు నిఖిల ట్రే వదిలేసి పరిగెత్తింది. గుడ్డ చింపలేక చట్రం కింద నుంచి పాకి, లోహిత్ తల ఒళ్లోకి లాక్కుంది. ఈకల టోపీ పెట్టుకున్న డాక్టరొకాయన టోపీ విసిరేసి, అతన్ని నేల మీద పడుకోబెట్టి ఛాతీ మీద అదిమాడు. అంబులెన్సు వచ్చేదాకా అదుముతూనే ఉన్నాడు.

ఆసుపత్రిలో, గుండె ఎప్పుడో ఆగిపోయిందన్నారు.

కారిడార్లో విద్య ఏడ్చి ఏడ్చి, నిఖిల చెయ్యి పట్టుకుంది. "వాళ్ల నాన్నగారితో నువ్వే మాట్లాడమ్మా. సడన్‌గా అయిందని చెప్పు. ముందే నొప్పన్నాడని ఎందుకు చెప్పడం? ఆ తల్లిదండ్రులకి ఇంకా నరకం. కేసంటూ అయితే మీ వర్క్ పర్మిట్లకీ ఇబ్బందే."

నిఖిల తలూపింది.

లోహిత్ తండ్రి కొమరయ్యకు కొడుకు పోయిన కబురు అప్పటికే రేవంత్ చెప్పాడు. నిఖిల ఫోన్ చేసింది. సడన్‌గా అయిందని ఆమె చెప్పిందంతా విని, ఆయన ఒకటే అడిగాడు.

"బిడ్డా, మావోడు ముందుగాల ఏమన్న అన్నడా? నొస్తుందన్నడా?"

లేదు అనడానికే నోరు తెరిచింది. మాట మరొకటి వచ్చింది.

"అన్నడంకుల్. నాతోనే అన్నడు. జర ఓర్సుకోమన్న. పడిపోతే మొక్కుతున్నడనుకొని అందరు చప్పట్లు కొట్టిన్రు. నేను చూసుకుంట నిలబడ్డ."

ఆయన వెనక నుంచి లోహిత్ తల్లి శాంతమ్మ గొంతు. "ఏమంటుందయ్యా? కొడుకేమన్నడట?"

"ఏమనలేదే," అన్నాడు కొమరయ్య ఆమెతో. "నిద్రల పోయిండట. నొప్పే తెల్వలేదట."

తర్వాత ఆయన బయటికి నడిచి వెళ్లిన చప్పుడు, తలుపు వేసిన చప్పుడు.

"నాకు చెప్పినవ్. మంచిది. ఈమెకు ఎన్నటికి చెప్పకు బిడ్డా. అక్కడ అడిగెటోళ్లకు మాత్రం చెప్పు."

అడిగేవాళ్లు మర్నాడే వచ్చారు, లేబర్ ఆఫీసు నుంచి ఇద్దరు. నిఖిల తను అన్న మాటతో సహా అంతా చెప్పింది. లోహిత్ నొప్పని అన్నాడా అని రేవంత్‌నూ అడిగారు. డప్పుల మోతలో తనకేమీ వినబడలేదని, అతను నేల చూస్తూ చెప్పాడు.