నేల తాకని పిల్ల

ఈ సంగతి జరిగేనాటికి నేను లేను, మా అమ్మా లేదు. మా అమ్మమ్మ వాళ్ళ పెద్దమ్మ మాత్రం ఉంది, సరిగ్గా మధ్యలోనే ఉంది. అందుకే మా ఇంట్లో దీన్ని కథలా చెప్పుకోరు, పక్కింటి గొడవలా చెప్పుకుంటారు. నేనూ అలాగే చెబుతాను. ఆమెను మా అమ్మమ్మ పెద్దమ్మ అనేది, మా అమ్మా అదే అనేది, మేమూ అదే అన్నాం. వరస కుదరకపోయినా పిలుపు కుదిరింది.

పెద్దమ్మ ఉద్యోగం రాజుగారింట్లో పిల్లనెత్తుకోవడం. వంటవాళ్ళు వండినట్టు, కాపలావాళ్ళు కాసినట్టు, ఈమె ఎత్తుకునేది. అదీ ఒక పనేనా అనకండి. ఆ వంశంలో ఒక కట్టడి ఉండేది. గద్దె ఎక్కవలసిన బిడ్డ పాదం, పన్నెండో ఏట యువరాజ కిరీటం పెట్టేదాకా మట్టికి తగలకూడదు. తగిలిందా, గద్దె పోయినట్టే. తగలనిచ్చిన మనిషి ఇంటిల్లిపాదితో సహా ఊరొదిలి పోవాలి. అది ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. గుర్తులేని కట్టుబాట్లకే గట్టిదనం ఎక్కువ. రాజుగారూ అలా పెరిగినవాడే. పన్నెండేళ్ళకు నడక నేర్చుకున్నాడు కాబట్టి, పెద్దవాడయ్యాక కూడా మెట్లు దిగాలంటే పక్కన ఎవరిదో ఒకరి భుజం ఉండాల్సిందే.

ఆయన కూతుర్ని అందరూ చంటిరాణి అనేవాళ్ళు. నాలుగేళ్ళు దాటినా చంటిరాణే. చంకలోంచి ఒళ్ళోకి, ఒళ్ళోంచి ఉయ్యాల్లోకి, ఉయ్యాల్లోంచి మళ్ళీ చంకలోకి. ఒళ్ళో నిలబడి తొక్కి తొక్కి కాళ్ళు గట్టిగానే ఉండేవి గానీ, అరికాళ్ళు వెన్నముద్దలు. తర్వాత తమ్ముడు పుట్టాడు. ఎందుకైనా మంచిదని వాణ్ణీ అలాగే చంకల మీద తిప్పేవాళ్ళు.

ఎత్తుకునేవాళ్ళు వంతుల మీద మారేవాళ్ళు. మారడానికీ ఒక పద్ధతుంది. వచ్చినామె పిల్ల మోకాళ్ళ కింద చెయ్యి పోనిచ్చి, బరువు తన మీదికి తీసుకుని ‘అందింది’ అనాలి. అప్పుడు మొదటామె ‘వదిలాను’ అని చెయ్యి తియ్యాలి. ఆ రోజు మేడమీది వసారాలో పెద్దమ్మ వంతు అయిపోయి, పొడుగామె వచ్చింది. పక్కనే తాళ్ళ మీద దుప్పట్లు ఆరుతున్నాయి. ఒక్కసారిగా గాలి లేచి పొడుగామె జుట్టంతా మొహం మీద కప్పింది. కంగారులో ఆమె చెయ్యి పెట్టకుండానే ‘అందింది’ అనేసింది. అలవాటు కొద్దీ పెద్దమ్మ వదిలేసింది. ఒక చంక వదిలింది, ఇంకో చంక అందుకోలేదు. ఆ సందులోకి గాలి దూరింది. పిల్ల పిట్టగోడ దాటి, దుప్పట్లు దాటి, పడమటి బోడికొండ వైపు ఎగిరిపోయింది. పైగా కిలకిలా నవ్వుతూ పోయిందట.

ఆ కొండమీద ఎవరుంటారో ఊరందరికీ తెలుసు. గాలమ్మ. సుడిగాలి రాకాసి. ముందు దళపతి సైన్యాన్ని తీసుకుని వెళ్ళాడు. గొడుగులు పోయాయి, జెండాలు పోయాయి, టోపీలన్నీ పోయాయి. మంచివాడు పాపం, బోడితలతో తిరిగొచ్చి తిన్నగా పెద్దమ్మ ఇంటికే వచ్చాడు. ఏ దారిన పోవాలో చెప్పి, రెపరెపలాడేదేదీ వెంట తీసుకెళ్ళొద్దన్నాడు.

ఆయన వెనకే రాణిగారు పెరటి గుమ్మంలోంచి వచ్చింది, చంకలో నెలల పిల్లాడితో. పెద్దమ్మ లేచి నిలబడింది గానీ తలెత్తలేదు.

“నీమీద కోపం లేదు పెద్దమ్మా” అంది రాణి. “దాని బరువు నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. వెళ్తావా?”

“తీసుకొస్తానమ్మగారూ” అంది పెద్దమ్మ. వెళ్తాననలేదు చూడండి, తీసుకొస్తానంది.

తోడుగా ఆడపడుచు బయల్దేరింది. ఆమె కంచరగాడిదల మీద ఉప్పు తోలే మనిషి. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని ఎవరైనా అడిగితే, గాడిదల్ని తోలడం ఒకటి చాలదా అనేది. దారి పొడుగునా వదినను ఆటపట్టిస్తూనే ఉంది. రాజుగారింట్లో పిల్లనెత్తుకుని ఎత్తుకుని నీ నడుం ఒక పక్కకు వంగిపోయింది, నువ్వు తిన్నగా నడిచినా దారి ఎడమకు పోతుంది అనేది. పెద్దమ్మ ఊరుకునేది కాదు. నీ మాటలు విని విని గాడిదలకు కూడా చెవులు అంత పొడుగయ్యాయి అనేది.

ఉప్పు మళ్ళు దాటారు. చెట్లన్నీ ఒకే వైపుకు ఒంగి ఉన్న అడవి దాటారు. కొండ కనుమ దగ్గర ఒక రాతిమనిషి కూర్చుని ఉన్నాడు, తాటిచెట్టంత వాడు. పైకి పోయేవాళ్ళను అరచేతిలో పెట్టుకుని తూచడం వాడి పని. గాలికి లేచిపోయేంత తేలికైనవాళ్ళను పోనివ్వడు, ఉత్తపుణ్యానికి చస్తారని. మా వంశంలో ఆడవాళ్ళకు ఎముక లావు. వాడు ఇద్దరినీ చెరో చేత పట్టుకుని, మారు మాట్లాడకుండా అవతల దింపాడు. గాడిదల్ని తూచకుండానే వదిలేశాడు.

“చూశావా వదినా, తిన్నది ఎప్పుడూ వృథా పోదు” అంది ఆడపడుచు.

గాలమ్మ ఇల్లంటే గోడలు లేని పెద్ద గిడ్డంగి. ఎక్కడి వస్తువులక్కడ గాల్లో తేలుతూ, శుభ్రంగా సర్ది ఉన్నాయి. టోపీలొక వరస, గొడుగులొక వరస, దుప్పట్లు మడతపెట్టి ఒక దొంతర. దళపతి జెండాలు అప్పుడే రంగుల వారీగా వేరయ్యాయి. గాలమ్మకు ఒళ్ళు లేదు. ఈకలూ ఎండుటాకులూ గిర్రున తిరుగుతుంటే అదే ఆమె ఒళ్ళు. వాటి మధ్య మనిషి ఎత్తున తేలుతూ చంటిరాణి కూర్చుని ఉంది. ఏ హానీ లేదు, ఏ లోటూ లేదు. మొహం మాత్రం ముడుచుకుని ఉంది.

“పెద్దమ్మా, ఇక్కడ కూడా ఎవరూ దింపట్లేదు” అంది.

పెద్దమ్మ ముందుకు పోయి, గొడవేమీ పెట్టుకోకుండా, పిల్లను ఇచ్చెయ్యమని అడిగింది.

“నేను దొంగను కాను” అంది గాలమ్మ. “నేలను తాకిందాన్ని నేను ముట్టను. తాకనిది నాది. ఆకైనా, టోపీ అయినా, పిల్లయినా.”

“టోపీకి తల్లి ఉండదుగా.”

“ఆకుకు ఉంది. చెట్టు ఎప్పుడైనా వచ్చి అడిగిందా?”

“చెట్టుకు కాళ్ళు లేవు. నాకున్నాయి, వచ్చాను.”

గాలమ్మకు ఆ జవాబు నచ్చింది కాబోలు, ఈకలన్నీ ఒకసారి నవ్వినట్టు కదిలాయి. సరే, తీసుకుపోగలిగితే తీసుకుపో, నేను అడ్డం పడను, నా స్వభావం అడ్డం పడితే నన్ననుకోకు అంది.

పెద్దమ్మ పిల్లను చంకకెత్తుకుని కొండ దిగబోయింది. నాలుగడుగులు వేసిందో లేదో, పిల్ల చేతుల్లోంచి పైకి లేచి, వెనక్కి పోయి టోపీల పక్కన తేలింది. గాడిదకు కట్టే తాడుతో నడుముకు కట్టుకుంది. తాడు నడుముకే ఉంది, పిల్ల లేదు. గాడిద మీద ఇద్దరి మధ్యా ఇరికించి కూర్చోబెట్టుకున్నారు. పిండిలోంచి వెంట్రుక తీసినట్టు గాలి పిల్లను తీసేసింది. చంటిరాణికి ఇదంతా ఆటగా ఉంది గానీ, పెద్దమ్మకు ఆయాసం ఎక్కువైంది. ఒక బండ మీద చతికిలబడింది.

అప్పుడు ఆడపడుచు, అప్పటిదాకా ఎన్నడూ లేని నెమ్మదితో, దింపెయ్యి వదినా అంది.

ఆ మాట పెద్దమ్మకు మొదటే తట్టింది. తట్టబట్టే నోరు మూసుకుంది. “దింపితే దీని గద్దె పోతుంది. నీకూ నాకూ ఊరు పోతుంది. దాన్ని దాని సొమ్ముతో సహా ఇంటికి చేరుస్తానని వచ్చానే అమ్మాయ్, సగం పారేసి సగం తీసుకెళ్ళడానికి కాదు.”

“గద్దె లేని పిల్లలు ఊరినిండా ఉన్నారు, బాగానే ఉన్నారు. పిల్ల లేని గద్దె ఎక్కడైనా బాగుందా?”

పెద్దమ్మ లేచి, తేలుతున్న పిల్ల కాళ్ళు రెండూ చేతుల్లోకి తీసుకుంది.

“దిగుతావా తల్లీ?”

“దిగితే ఏమవుతుంది?”

“బరువవుతావు. గుచ్చుకుంటుంది. పడతావు కూడా. తర్వాత ఎక్కడికి కావాలంటే అక్కడికి పోతావు.”

చంటిరాణి ఆలోచించింది. నాలుగేళ్ళ పిల్ల ఆలోచించడం మీరు చూసే ఉంటారు, మొహమంతా ఆలోచిస్తుంది. సరేనంది. పెద్దమ్మ ఆ వెన్నముద్దల్ని గరుకు మట్టి మీద ఆనించింది. పిల్ల కెవ్వుమంది. ఒక కాలు ఎత్తేసింది, దాన్ని దింపి రెండోది ఎత్తింది, అలా కాళ్ళు మార్చుకుంటూ మార్చుకుంటూ ఒక అడుగు ముందుకు వచ్చేసింది. అదే మొదటి అడుగని దానికే తెలియదు.

అప్పుడు గాలమ్మ వచ్చింది. పిల్ల జుట్టంతా నిలువునా లేచింది, గౌను గుమ్మడికాయలా ఉబ్బింది, చెంపలు అదిరాయి. పాదాలు మాత్రం లేవలేదు. గాలమ్మ ఇంకొక్కసారి లాగి చూసి, ఇది నేలదైపోయింది అని చెప్పి, టోపీలు సర్దుకోవడానికి వెళ్ళిపోయింది. కోపం పెట్టుకుని కూర్చునేంత తీరిక గాలికి ఉండదు.

తిరుగు ప్రయాణం సగం నడవడం, సగం పడడం. పడ్డప్పుడల్లా చంటిరాణి నేలను తిట్టేది. ఆడపడుచు దగ్గర కొత్త తిట్లు కూడా నేర్చుకుంది. అడవి దాటేసరికి నడక వచ్చింది, ఉప్పు మళ్ళు దాటేసరికి పరుగు వచ్చింది. ఎత్తుకుంటానంటే మూతి బిగించి, నాకు కాళ్ళున్నాయి అనేది.

ఊరి పొలిమేరలో ఆడపడుచు గాడిదల్ని ఆపింది. కాళ్ళు కడుగుదాం, కొత్త మేజోళ్ళు తొడుగుదాం, నువ్వు చంకనెత్తుకుని దర్జాగా లోపలికి పో, చూసినవాళ్ళెవరు, కొండ వచ్చి సాక్ష్యం చెబుతుందా అంది. గద్దే ఉంటుంది, ఊరూ ఉంటుంది అంది. అబద్ధమే అయినా బంగారంలాంటి సలహా. పెద్దమ్మ మనసు చాలాసేపు ఆ సలహా చుట్టూ తిరిగింది.

“లోపల ఇంకో పిల్లాడు చంకలో ఉన్నాడే” అంది చివరికి. “ఇది మనం దాస్తే వాణ్ణి ఎవరూ దింపరు. గాలి మళ్ళీ వస్తుంది. ఆ తల్లికి నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు?”

ఆడపడుచు నిట్టూర్చి, అయితే గాడిదలకు మేత దండిగా వేయించాలి, ఊరొదిలేవాళ్ళం దూరం పోవాలిగా అంది.

చంటిరాణి పెద్ద వీధి వెంట తన కాళ్ళ మీద నడిచి వచ్చింది. చెప్పులు కుట్టేవాడు సూది పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఉంచేశాడు. వీధి ఊడ్చే ఆవిడ చీపురు అడ్డం తీసి దారిచ్చింది. ఆ పిల్ల మాత్రం కనిపించిన ప్రతి గుంటలోనూ దిగి, ప్రతి గుమ్మంలోకీ తొంగి చూసి, కొలువు కూటం మెట్లు చేతులతో పాకి ఎక్కి, తెల్లటి తివాచీ మీద మట్టి అడుగులతో వెళ్ళి తల్లి కాళ్ళు చుట్టేసుకుంది.

రాణి వంగి, పిల్లాణ్ణి ఒక చేత పట్టుకునే, కూతురి తల నిమిరింది, వీపు నిమిరింది, అరికాళ్ళు తిప్పి చూసింది. గీతలూ పగుళ్ళూ తడిమింది. ఏడ్చింది. తర్వాత పెద్దమ్మ వంక చూసింది. పెద్దమ్మ అక్కడే నిలబడి, గాలమ్మ చెప్పిన మాట ఒక్క అక్షరం మార్చకుండా అందరి ముందూ చెప్పింది. దింపింది నేనే, నాకు తెలిసే దింపాను అంది.

మంత్రిగారు చెడ్డవాడు కాదు, కట్టడి తప్పితే ఇంకేం తెలియని మనిషి. గొంతు సవరించుకుని, పాప క్షేమంగా వచ్చినందుకు అందరికీ సంతోషమే, కానీ కట్టడి కట్టడే, ఇక గద్దె చిన్నబాబుకు వస్తుంది, ఆయన పాదం ఇంకా నేలకు తగల్లేదు కదా అన్నాడు.

రాణి చంకలోని కొడుకు వంక చూసింది. కిటికీ తెర అప్పుడే కొంచెం కదిలింది. మామూలు గాలే కావచ్చు. ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. కొలువు దాటి, వసారా దాటి, మెట్లు దిగి, పాదులకు అప్పుడే నీళ్ళు పెట్టిన తోటలోకి వెళ్ళి, పిల్లాణ్ణి బురదలో కూర్చోబెట్టింది. రెండు పాదాలూ తన చేతులతోనే మట్టిలో ఆనించింది.

“ఇప్పుడు ఇద్దరి కాళ్ళూ నేలమీదే ఉన్నాయి మంత్రిగారూ” అంది, గొంతు పెంచకుండా. “గద్దె ఎవరికిస్తారో మీరే చెప్పండి.”

మంత్రిగారు రాజుగారి వంక చూశాడు. రాజుగారు మెట్ల పైన ఉన్నాడు. పక్కనున్నవాడు భుజం ఇవ్వబోతే వద్దన్నాడు. ఒక్కో మెట్టూ తడబడుతూ, గోడ పట్టుకుంటూ, తనంతట తనే దిగి వచ్చి, తోట అంచున చెప్పులు విడిచాడు. వచ్చి కొడుకు పక్కన బురదలో నిలబడ్డాడు. ఆ తర్వాత కట్టడి గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడాలంటే ముందు వాళ్ళు బురదలోకి దిగాలి మరి.

కాలం వచ్చాక గద్దె చంటిరాణికే ఇచ్చారు. పొద్దున లేస్తే ఊరంతా కాలినడకన తిరిగి చూసుకునే రాణి అని ఆమెకు పేరు. పెద్దమ్మ ఊరొదల్లేదు గానీ, ఉద్యోగం మాత్రం పోయినట్టే పోయింది. ఎత్తుకునే పని పోయి, వెనకాల పరిగెత్తే పని వచ్చింది. దానికి జీతం ఎక్కువిచ్చినా ఎవరూ నిలిచేవాళ్ళు కాదని, తను నిలిచానని, మోకాళ్ళు పట్టుకుంటూ చెప్పుకునేదట.