రంపం అంచు

ప్రేమలత రోజూ పొద్దున్నే కూలికి పోయేముందు నాలుగు లేత జామాకులు తెంపుకొచ్చి, ప్లాస్టిక్ డబ్బాలో వేసి, చేత్తో నీళ్లు చిలకరించేది. డబ్బాలో, అచ్చం ఆకులా కనబడే ఆకుపురుగుల పిల్లలు తొమ్మిదుండేవి, ఒక్కోటి బొటనవేలి గోరంత. పుట్టినప్పుడు ఎర్రమట్టి రంగులో ఉన్నవి, జామాకు తినేకొద్దీ పచ్చబడుతున్నాయి. అవి ఆమె మొగుడు నాగార్జున చొక్కాలో పుట్టినవి.

ఉదయగిరి చుట్టుపక్కల అది వింతేం కాదు. ఇల్లు వదిలిపోయిన మనిషి ఇక రాడని ఖాయమైతే అతని బట్టల్లో ఆకుపురుగులు పుడతాయి. వాటి ముందుకాళ్ల అంచు నున్నగా ఉంటే మనిషి చనిపోయినట్టు. రంపంలా పళ్లుంటే ఎక్కడో బతికే ఉన్నాడు, రాదల్చుకోలేదు. పెరిగాక ఎవరైనా పోల్చుకోగలరు. పిల్లలప్పుడు మాత్రం రెండు రకాలూ మామూలు కంటికి ఒకేలా ఉంటాయి.

నాగార్జున నాలుగేళ్ల కిందట లారీ డ్రైవరుగా లోడు తోలుకుని పోయాడు. దారిలో టీ తాగొస్తానని దిగి మళ్లీ ఎక్కలేదని క్లీనరు చెప్పాడు. అంతే.

అతని తల్లి మాలకొండమ్మ గుండెజబ్బుతో మంచం పట్టింది.

"అవి పెరిగేదాకా నేనుండను ప్రేమా. ఆత్మకూరులో సిద్ధయ్య, ఇవి పిల్లలప్పుడే చూసి చెప్పేస్తాడంట. చూపించుకోనిరా" అంది కోడలితో. "నున్నటివే అయుంటాయిలే. బతికుంటే నా కొడుకు ఇన్నేళ్లు నన్ను చూడకుండా ఉంటాడా?"

సిద్ధయ్య కాలేజీ జంతుశాస్త్రం ల్యాబులో ముప్పై ఏళ్లు అటెండరుగా చేసి రిటైరైనవాడు. ప్రేమలత డబ్బా అందిస్తే వసారాలో వెలుతురుకు కూర్చుని మూత తీశాడు.

"ఎన్నిసార్లు పొర విడిచినాయి?"

"రెండుసార్లు సార్."

"రంగు చూసి మోసపోతారమ్మా అందరూ. రంగు తిండిని బట్టి వస్తాది. కాళ్లు చూడాల."

ఒకదాన్ని చేతిమీద ఎక్కించుకుని భూతద్దంలో చూశాడు. తర్వాత ఇంకోదాన్ని. అట్లా తొమ్మిదింటినీ చూసి, భూతద్దం ఆమె చేతికిచ్చాడు. పచ్చటి కాలి అంచున, సూదిమొనతో గీరినట్టు, సన్నటి పళ్లు.

"బతికే ఉండాడు" అన్నాడు.

ప్రేమలత ఇంకో పురుగు మీదికి భూతద్దం జరిపి చూసింది. "పొరపాటేమో సార్" అంది చివరికి.

"పొరపాటయితే బాగుండుననే తొమ్మిదీ చూసినాను తల్లీ."

తిరుగు బస్సులో డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాగార్జున ఇల్లు వదిలిన రోజు గొడవ కూడా జరగలేదు. సీసాలో నీళ్లు పట్టివ్వమన్నాడు, పట్టిచ్చింది. గొడవ పడుంటే కారణమన్నా దొరికేది. తను ఏ తప్పు చేసిందో వెతుక్కుంటూ ఉదయగిరిలో దిగింది. పల్లెకు నడిచింది.

గడపలో అడుగుపెట్టకముందే మంచంలోంచి గొంతు వినిపించింది. "ఏ రకమంట?"

"నున్నటివే అత్తా."

మాలకొండమ్మ గుండెలు బాదుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, "రావాలనే ఉండుంటాది వాడికి, పాపం" అంది. ఆ రాత్రి చాన్నాళ్ల తర్వాత కంటినిండా నిద్రపోయింది.

చుట్టాలు వచ్చి దినం చేశారు. ప్రేమలత గాజులు పగలగొట్టారు, బొట్టు తుడిచారు. ఆమె తలొంచుకుని కూర్చుంది.

రెండు నెలలకు పురుగులు అరచేయంత అయ్యాయి. చూడవచ్చిన ఆడవాళ్లకు కాళ్ల పళ్లు కనబడుతూనే ఉన్నాయి. ఒక్కరూ నోరెత్తలేదు. వచ్చేటప్పుడు తలా నాలుగు జామాకులు తెచ్చి డబ్బా పక్కన పెట్టిపోయేవాళ్లు.

ఒక మధ్యాహ్నం మాలకొండమ్మ, "ఒకదాన్ని నా చేతిమీద పెట్టు" అంది. ఆమెకు చూపు బాగా తగ్గింది. ప్రేమలతకు ఏం చెప్పి తప్పించాలో తోచలేదు. పెట్టింది. ముసలామె వేలితో ఆ పురుగు ముందుకాలు మెల్లగా తడిమింది. మళ్లీ తడిమింది.

"పళ్లుండాయి."

ప్రేమలత పురుగును తీసుకోబోతే ముసలామె చేయి వెనక్కి తీసుకుంది.

"ఆరోజే తెలుసా నీకు?"

"తెలుసు అత్తా."

"నా కోసరమా గాజులు పగలగొట్టించుకున్నావు?"

పురుగు ముసలామె మణికట్టు దాటి మోచేతిదాకా పాకింది.

"నా మటుకు వాడు చచ్చినోడే. నువ్వు మాత్రం వాడి కోసరం ఇట్టా ఉండబాక. కుంకం తీసుకురా."

ప్రేమలత వద్దంది. మాలకొండమ్మ చేయి చాపి అట్లాగే పట్టుకునుంది. చివరికి భరిణె తెచ్చి ఆమె ముందు కూర్చుంది. ముసలామె కోడలి నుదురు తడిమి బొట్టు పెట్టింది. చూపు ఆనక అది కనుబొమ్మమీదికి జారింది.

నాలుగోరోజు మాలకొండమ్మ చనిపోయింది. చేజర్ల నుంచి వచ్చిన ఆడబిడ్డ శవం మీద పడి ఏడుస్తూ తలెత్తి ప్రేమలతను చూసింది.

"మా అన్న పోయినాక ఆ బొట్టేంది నీకు?"

"మా అత్త పెట్టింది" అంది ప్రేమలత. బిందె తీసుకుని, శవానికి స్నానం చేయించడానికి నీళ్లు తేబోయింది.