ముఖాలు లేని ఫోటోలు

మిద్దె మీద వడియాలు ఎండబెట్టి కాకుల్ని తోలడం నా పని. మాధవరంలో మా మిద్దె మీద తొట్టిలో ఒక కరివేపాకు మొక్క ఉండేది. దాని ఆకులు కొరికే పచ్చ పురుగుల్ని ఏరి పారెయ్యడం కూడా నా పనే. నేను పారేసేదాన్ని కాదు. మా నాన్న ఇచ్చిన పాత కెమెరా లెన్సు ఊడదీసి, వెనక్కి తిప్పి, చేత్తో అదిమిపట్టి, ఊపిరి బిగబట్టి ఫోటో తీసేదాన్ని. అలా తిప్పి పెడితే గోరంత పురుగు కంటి నిండా కనిపిస్తుంది. "కాకులు వడియాలు ఎత్తుకపోతా ఉంటే, పురుగు మొగం చూస్తా కూచుందిరా నీ పెండ్లాం" అని మా అత్త కన్యకమ్మ కింద ఉన్న కొడుక్కి వినపడేలా అరిచేది.

రీలుకు ముప్పై ఆరు ఫోటోలు. పుట్టినరోజులకీ సీమంతాలకీ పోగా మిగిలిన నాలుగైదు నావి. మా ఆయన గురుప్రసాద్ ఆఫీసుకు వెళ్తూ రీలు మోసెస్ స్టూడియోలో ఇచ్చేవాడు. ప్రింట్లు తెచ్చిన రోజు తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ పరుగెత్తేదాన్ని. అందరి ముఖాలూ ఉండేవి. నా పురుగులు మాత్రం ఉండేవి కావు. "నీవి రాలేదే వాసంతీ. చెయ్యి అదిరింటాది" అనేవాడు, జాలిగానే. వేలు పడితే పాడవుతాయని నెగటివ్‌లు బీరువాలో పెట్టి తాళం వేసేవాడు.

ఏడేళ్లు ఇదే మాట. నా చెయ్యి అదురుతుందని ఇంట్లో ఖాయమైపోయింది. చుట్టాలొస్తే "కాఫీ నువ్వు తేవద్దులే, ఒలకబోస్తావు" అనేది అత్త. నరాలకు బలమని టానిక్కు తాగాను. చేతులు చాపి చూసుకునేదాన్ని. చూసేకొద్దీ నిజంగానే వణికేవి. తొంభై ఆరులో కెమెరా ట్రంకుపెట్టెలో పెట్టేసి, పురుగుల్ని ఏరి పారెయ్యడం మొదలుపెట్టాను.

మూడేళ్లకు అత్త పోయింది. సంవత్సరీకానికి పటం కట్టించాలి, ఆయనకేమో క్యాంపు. "బీరువాలో కవర్లుండాయి, మోసెస్ కాడికి తీసకపో. అమ్మ బాగుండేది చూసి పెద్దది చెయ్యమను" అని తాళంచెవి నా చేతికిచ్చాడు.

మోసెస్ నెగటివ్‌లను లైటు గాజు మీద పరిచి, ఒకచోట ఆగాడు. "ఈ పురుగులు తీసింది ఎవరు మా? సూపరుగా ఉండాయే" అంటూ భూతద్దం ఇచ్చాడు.

రంగులు తారుమారైనా అవి నా పురుగులే. వెన్ను మీది ముడతలు, పొట్టి కాళ్లు, ఆకు అంచున కొరికిన గాటు. ప్రతి రీలు చివరా ఉన్నాయి.

"ఇవి ఎందుకు ప్రింట్ వెయ్యలేదు?"

"సార్ చెప్పినారు గదా మా, మొగం ఉండేవే వెయ్యి, మిగతాది వేస్టు అని. మొదట్నుంచీ అంతే."

ఆయన చెడ్డవాడు కాదు. నాతో అబద్ధమాడానని కూడా ఆయనకు గుర్తు లేదు, ఉంటే తాళంచెవి ఇచ్చేవాడా? అదే ఎక్కువ ఏడిపించింది. ఈ చేతులతోనే నాలుగేళ్లుగా ఏరి పారేసిన పురుగులన్నీ గుర్తొచ్చాయి.

"అత్తమ్మది ఒకటి పెద్దది చెయ్యండి. మొగాలు లేనివి మాత్రం అన్నీ వెయ్యండి."

"అన్నీనా? సార్ అడిగితే ఏం చెప్పేది మా?"

భూతద్దం ఇంకా నా చేతిలోనే ఉంది. చెయ్యి అదరడం లేదు.

"వచ్చినాయని చెప్పండి. మొదట్నుంచీ అన్నీ వచ్చినాయని చెప్పండి."