హనుమంతప్ప మనవడు కట్టిన మిద్దె

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు పెద్దలు. మా మామ బయ్యన్న ఆ రెండూ ఒకటే అనుకున్నాడు. అందుకే మేస్త్రీని కూడా పెళ్లికొడుకును విచారించినట్టే విచారించాడు.

రాప్తాడు దగ్గర మా ఊళ్లో మాది పాత బండల మిద్దె. మా సీమలో వాన ఎప్పుడో గానీ రాదు. వచ్చిన రోజు మాత్రం ఇల్లంతా గిన్నెలు పరుచుకోవాలి. మా అత్త తిమ్మక్కకు మోకాళ్లు పోయి మంచం దిగలేకపోయేది. ఆమె మంచం మీద నీళ్లు పడకూడదు, ఆమె నెత్తిన గట్టి మిద్దె ఉండాలి. నాకు కావలసింది అంతే. నన్ను కోడలిగా కాక కూతురిగా చూసిన మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే.

మేస్త్రీ పేరు జయరాం, ముదిగుబ్బ పక్కవాడు. బండి దిగి, చెప్పులు వాకిట్లోనే విడిచి, వంగి మామ కాళ్లకు మొక్కాడు. దాంతోనే మామ సగం కరిగిపోయాడు.

"ఎవురి పిల్లోడివప్పా?"

"హనుమంతప్ప మనవణ్ణి పెద్దాయనా. బావికాడి హనుమంతప్ప అంటారు."

"ఓరి నీ! కరువులో ఊరికంతా గంజి పోసినాయప్ప మనవడివా? కూకో, కూకో. మీ మేనత్తను యాడికిచ్చినారు?"

ఇక మొదలైంది. మేనత్తను ఎక్కడికిచ్చారు, చిన్నాయన ఎక్కడ చేసుకున్నాడు, తల్లిది ఏ ఊరు, ఇలవేల్పు ఎవరు. పునాది ఎంత లోతు తీస్తావని గానీ, సిమెంటు ఇసుక ఏ పాళ్లలో కలుపుతావని గానీ ఒక్క మాట అడిగితే ఒట్టు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నాను. ఉండబట్టలేకపోయాను.

"మామా, ముదిగుబ్బలో ఈయప్ప కట్టిన ఇల్లుండాదంట. నేనూ ఆయనా పోయి ఒకసారి చూసొస్తాము."

మామ కళ్లెర్రజేశాడు. "మంచి వంశం పిల్లోన్ని ఎదురుగా కూకోబెట్టుకొని, పోయి చూసొస్తా అంటావా? దొంగనుకుంటివా ఏమి? మర్యాద తెల్దా?"

"పిల్ల చెప్పిన దాంట్లో తప్పేముండాది?" అంది అత్త మంచం మీది నుంచి. "చూసొస్తే కాళ్లరిగిపోతాయా?"

"నువ్వు పండుకో."

నా మొగుడు కేశవ తల వంచుకొని ఫోను చూసుకుంటున్నాడు. తండ్రి ముందు ఆయనకు నోరు లేదు. వెనకాల మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది.

మామ విచారణ చేయలేదని నేననను. చేశాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొని బస్సెక్కి ముదిగుబ్బ పోయాడు, అక్కడి నుంచి వాళ్ల ఊరికీ, మేనత్త అత్తగారి ఊరికీ పోయాడు. పూజారిని అడిగాడు, టీకొట్టు వాణ్ణి అడిగాడు. చీకటి పడేలోగా నవ్వుకుంటూ వచ్చాడు.

"బంగారమట్లా వంశం! ఇంత మందినడిగినా ఒక్కరు ఒక్క చెడ్డ మాట అనలేదు."

"ఆయప్ప కట్టిన ఇల్లు చూసినావా మామా?"

"బస్టాండు ఎనకాల సందులోనే అంట. వాళ్ల చిన్నాయన భోజనానికి పట్టుబట్టినాడు. యాడుండాది తీరిక?" అని కండువా దులిపాడు. "వంశమెరిగి వనితను, వన్నెయెరిగి పశువును అన్నారు ఊరికేనా?"

మేస్త్రీని ఏమెరిగి తెచ్చుకోవాలో ఆ అన్నవాళ్లు చెప్పలేదు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నది కూడా పెద్దలే. ఆ సామెత మామకు గుర్తు రాలేదు.

పాత మిద్దె పడగొట్టారు, గోడలు లేచాయి, స్లాబు పడింది. స్లాబు గట్టిపడాలంటే వేసిన మర్నాటి నుంచి పైన మట్టి కట్టలు కట్టి నీళ్లు నిలబెట్టాలి. మా పుట్టింట్లో అలాగే చేశారు, నేను చూశాను. జయరాం నవ్వాడు.

"మన సీమలో అన్ని నీళ్లు యాడియక్కా? గోనెపట్టలు పరిచి తడిపితే సాలు. ఇన్ని ఇండ్లు కట్టినా, నాకు తెల్దా?"

ఎండాకాలం. పొద్దున తడిపిన పట్టలు పూట తిరిగేలోగా అప్పడాల్లా ఎండిపోయేవి. బోరు ఎండిపోయింది, ట్యాంకరు తెప్పించమని మామను బతిమాలాను.

"మనోడు చెప్పినాక మల్లా నువ్వేంది? ఆయప్ప మనకు చెరుపు చేస్తాడా?"

అప్పటికి వరసలు కలిపేసుకున్నారు. మామ వాడికి తాత అయ్యాడు, అత్త అవ్వ అయ్యింది. సొంత మనవణ్ణి ఎవరు అనుమానిస్తారు? వీధి కొళాయి వచ్చినప్పుడల్లా బిందెలు మోసి నిచ్చెనెక్కి పోశాను. నా బిందెలకు ఆ మిద్దె తడిసేదా! కేశవ కింద నిలబడి, పడతావే జాగ్రత్త అనేవాడు. అంతవరకే ఆయన సాయం.

గృహప్రవేశానికి వాడికి కొత్త బట్టలు పెట్టి, మామ పక్కన కూర్చోబెట్టుకొని తిన్నాడు. అత్త మంచం కొత్త గదిలో వేశాము. ఆ పై ఏడాది, మా దురదృష్టం, వానలు బాగా పడ్డాయి. గదిలో పైకప్పు చెమర్చింది, తర్వాత ఉబ్బింది. మంచం జరుపుదామంటే, కొత్త మిద్దె అంతేలే, ఆరుతుందిలే అన్నాడు మామ. నేను విన్నాను. ఎందుకు విన్నానో నన్ను నేనే కొట్టుకోవాలి.

వాకిట్లో గింజలు చెరుగుతుంటే ధబ్బుమని వినబడింది. పరిగెత్తాను. ఇంత పెద్ద పెచ్చు ఊడి ఆమె భుజం మీద పడింది. ముఖమంతా సున్నం, దుమ్ము. పైన తుప్పు పట్టిన కమ్ములు బయటపడి కనిపిస్తున్నాయి.

"నువ్వు లోపలికి రావాకే వనజా," అంది ఆ ముసలి ప్రాణం. "ఇంకా పడేతట్లుండాది."

భుజం ఎముక విరిగింది. అనంతపురం ఆస్పత్రి నుంచి కట్టుతో తెచ్చుకొని, మంచం ఆ గది గుమ్మం బయట వేశాము. స్టేషన్‌లో కేసు పెడదామన్నాను.

"హనుమంతప్ప మనవడి మీదనా?" మామ లేచి నిలబడ్డాడు. "రేపు వాళ్ల మొగాలు ఎట్ల చూడాల నేను?"

జయరాం వచ్చాడు. ఆపిల్ పండ్లు తెచ్చాడు, అత్త కాళ్లు పట్టుకున్నాడు. "సిమెంటు మోసం చేసిందవ్వా" అని కళ్లొత్తుకున్నాడు. నన్ను కాఫీ పెట్టమన్నాడు మామ. పెట్టాను, నా చేత్తోనే పెట్టాను. చక్కెర వేయలేదు. అంతకు మించి నా చేత ఏమీ కాలేదు.

మొన్న పక్క ఊరి నుంచి గంగాధర్ అని ఒకాయన వచ్చాడు. ఇల్లు కట్టుకుంటున్నాడట, ఇంట్లో పసిపిల్లలట. జయరాం గురించి విచారించడానికి వచ్చాడు. మామ గొంతు సవరించుకొని హనుమంతప్ప గంజి దగ్గర మొదలుపెట్టాడు. నా ఒళ్లు మండిపోయింది.

"అన్నా, ఇట్ల రా," అని ఆయన్ను నేరుగా గదిలోకి తీసుకుపోయాను. కమ్ములు చూపించాను. అత్త కట్టు చూపించాను. నీళ్లు పట్టలేదని, గోనెపట్టల సంగతి, అంతా చెప్పాను.

"చూడు నాయనా, బాగా చూడు," అంది అత్త.

ఆయన తలెత్తి చూశాడు, అయ్యో పాపం అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పోనీ, మాకెట్లాగూ తప్పలేదు, ఆ పసిపిల్లలైనా బతికిపోయారు అనుకున్నాను.

బయటికొచ్చి మళ్లీ మామ పక్కన కూర్చున్నాడు. "ఏందో పెద్దాయనా, ఆయమ్మ అట్ల చెప్తాండాది?"

మామ నేల చూశాడు. పెళ్లాం భుజం విరిగిందని చెప్తాడేమోనని చూశాను.

"వంశం మాత్రం మంచిదప్పా. అది నేను తిరిగి విచారించినా."

గంగాధర్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నువ్వు యా ఊరిదానివమ్మా? ఎవురి బిడ్డవు?"

"కణేకల్ పక్క. మా నాయన తిప్పయ్య, కాలవ కింద కౌలు చేస్తాండె."

"తిప్పయ్య..." అని ఆలోచించాడు. "ఆ పక్క మాకెవురూ తెల్దులేమ్మా."

మామ వైపు తిరిగి జయరాం ఫోన్ నంబరు అడిగాడు. మామకు అది నోటికే వచ్చు. తడుముకోకుండా చెప్పాడు.