కిరసనాయిలు గుడ్డ

కంప్యూటరు తెరమీద అక్షరం పొట్ట మళ్లీ ఉబ్బింది. గీతను వంచే చుక్కల్లో ఎడమవైపు నోడ్‌ని కాస్త లోపలికి జరిపితే కుడివైపు వంపు బయటికి తన్నుకొస్తోంది. దాన్ని అణుద్దామని చుక్కకున్న పుల్లలాంటి హ్యాండిల్ పట్టుకుంటే, కిందున్న ఇంకో నోడ్ చిక్కి అక్షరమంతా సాగిపోతోంది. పొద్దుటినుంచీ ఇదే తంతు. స్టిక్కర్ల షాపు నడిపే ఆ అమ్మాయికి తల ప్రాణం తోకకొచ్చింది.

వెనక కుర్చీలో వాళ్ల నాన్న. ఒకప్పుడు ఆ వీధిలో బోర్డులన్నీ ఆయన కుంచె రాసినవే. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది, బోర్డులూ ఒక్కొక్కటే పోయాయి. చివరికి సెలూన్ బోర్డొక్కటి మిగిలితే, అదీ పెచ్చులూడి విరిగిపోయింది. దాని పాత ఫొటో ఒకటి పట్టుకొచ్చాడు సెలూనాయన.

"అక్షరాలు మాత్రం మీ నాన్నగారివే ఉండాలమ్మా. కంప్యూటరు అక్షరాలు నా గుమ్మం ఎక్కడానికి వీల్లేదు" అన్నాడు.

ఆ మసక ఫొటో మీద గీత గీసి, స్టిక్కరు కోసే మిషన్‌కి ఇవ్వాలి. అది కుదరకపోతే నాన్న చేతిరాత ఇక లోకంలో లేనట్టే.

మెచ్చుకోవడం ఆయన ఒంట్లో లేదు. శిష్యులు రాసింది నచ్చకపోతే తిట్టేవాడు కూడా కాదు. భుజం మీది కిరసనాయిలు గుడ్డతో శుభ్రంగా తుడిచేసి "ఊఁ, మళ్లీ" అనేవాడు. కూతురని కనికరించిందీ లేదు. ఆ గుడ్డ ఇప్పటికీ ఆయన భుజం దిగలేదు. నిన్న ఈ అక్షరం చూపించగానే ఎడమచేత్తో గుడ్డ అందుకుని తెరను బరబరా తుడిచాడు.

"నాన్నా! తుడిస్తే అది పోదు!"

"తెలుసులేవే. అది చూశాక చెయ్యి ఊరుకుంటుందా? ఊఁ, మళ్లీ."

ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. ఇవాళ నవ్వు రావడం లేదు.

"నీ గీత నూనె రాసినట్టు జారిపోతోందమ్మా. ఆ వంపు దగ్గర నా కుంచె కాస్త ఆగేది."

ఆ ఆగడం కోసం ఆమె నోడ్ మీద నోడ్ పెట్టింది. గీతంతా గంట్లు పడింది. నున్నగా చేసే బటన్ నొక్కింది. గంట్లతోపాటు ఆ ఆగడమూ పోయింది. ఫొటోలో చూద్దామంటే అక్కడ మచ్చ తప్ప ఏమీ లేదు.

"పోనీ, వేలితో గీసి చూపించు నాన్నా."

ఆయన ఎడమచేతి వేలు తెరమీద పెట్టాడు. వేలు వంపు దాకా వెళ్లి ఆగిపోయింది. ఎటు తిరగాలో దానికి తెలియలేదు.

"అది నా చేతికి తెలుసమ్మా" అన్నాడు చివరికి. "నాకెప్పుడూ తెలీదు."

ఆమె మౌస్ అందుకుంది. ఏదో లాగింది, ఏదో సర్దింది. తను చేసింది తనకే నచ్చలేదు. ఆయన గుడ్డ తీస్తాడని ఎదురుచూసింది. తియ్యాలని మనసులో బతిమాలుకుంది కూడా.

ఆయన గుడ్డ తీశాడు. ఒంటిచేత్తో తంటాలు పడి మడిచి, ఒళ్లో పెట్టుకున్నాడు.

"బావుందమ్మా. కోసెయ్."

ఆ ఒక్క మాట కోసం చిన్నప్పుడు ఎన్ని పలకలు నింపిందో! ఇప్పుడది వింటే ఏడుపు ముంచుకొచ్చింది. తెరమీద అక్షరం పొట్ట ఇంకా ఉబ్బే ఉంది.