మునగని బొక్కెన

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఎండాకాలం. మంత్రులు వెళ్లిపోయారు గాని ఎండ మాత్రం ఇక్కడే ఉండిపోయింది. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. కోడుమూరులో బస్సు దిగి, అద్దె సైకిలు మీద రెండు క్రోసులు తొక్కేసరికి అది నెత్తికెక్కింది.

నా సంచిలో ఒక అర్జీ ఉంది. ఊరి చేదబావిలో తమను నీళ్లు చేదుకోనివ్వడం లేదని మాలగేరి ఉరుకుందమ్మ బడిపంతులు చేత రాయించి, వేలిముద్ర వేసి, కలెక్టరాఫీసుకు వచ్చి ఇచ్చింది. అంటరానితనం నేరమని చట్టం వచ్చి రెండేళ్లయినా నా చేతికి వచ్చిన మొదటి అర్జీ అదే. విచారించి నివేదిక పంపడం నా పని. నిజమని తేలితే కేసవుతుంది. అబద్ధమని రాస్తే కాగితం కట్టలో పడుతుంది, ఆమెకు ఆ ఊళ్లో మళ్లీ కూలి పుట్టదు.

మునసబు పుల్లయ్య బావి పక్కనే మంచం వేయించి, మజ్జిగ ఇప్పించాడు.

"మా ఊర్లో అట్లాంటివి లేవు సార్. ఈమె దినామూ ఈ బాయిలోనే చేదుకుంటాది. ఎవురినన్నా అడగండి."

అడిగాను. ఏడుగురు సాక్షులూ బడిపిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు ఒకే మాట చెప్పారు. మాలగేరి వాళ్లు నోరు విప్పలేదు. రేపు మళ్లీ ఈ ఏడుగురి చేలకే కదా కూలికి పోవాలి!

ఉరుకుందమ్మ ఖాళీ కడవతో దూరంగా నిలబడి ఉంది. అరవై దాటిన బక్క మనిషి.

"ఏమవ్వా, వీళ్లు చెప్పేది నిజమేనా?"

"వంకలో చెలమ తోడుకొని బతికినోళ్లం సామీ. అది ఎండిపోతే ఈడికొచ్చి కూర్చుంటాము. ఎవురన్నా దయతలచి పోస్తే కడవ నిండుతాది. మొన్న నా మనవరాలు బాలింత. పొద్దున్నే వచ్చి కూర్చుంటే పొద్దు గూకినా చుక్క పోయలేదు."

"ఉత్త అబద్ధం. మీ ముందరే చేదమనండి సార్, ఎవురు అడ్డమొస్తారో చూద్దాం" అంటూ పుల్లయ్య బొక్కెనను కాలితో ముందుకు తోశాడు.

ఆ తెలివికి నాకు ఒళ్లు మండింది. చేదితే అర్జీ అబద్ధమవుతుంది. చేదకపోతే ఆమెకే ఇష్టం లేదని రాసుకోవాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆ రోజు ముందున్నది నిజంగా నుయ్యే.

ఉరుకుందమ్మ గట్టెక్కి బొక్కెన దించింది. గిలక కిర్రుమంది. పైకి లాగితే అడుగున పుడిసెడు నీళ్లు కూడా లేవు. మళ్లీ దించింది. మళ్లీ అంతే. నేను వంగి చూశాను. బొక్కెన నీళ్ల మీద నిటారుగా తేలుతోంది. అది ఒరిగి మునగాలంటే తాడును మణికట్టుతో ఒక్క కుదుపు కుదపాలి. ఆ ఊళ్లో ఏ ఆడపిల్లకైనా చేతికి వచ్చిన పని. బావిగట్టు ఎన్నడూ తొక్కని మనిషికి ఎట్లా వస్తుంది?

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆ అవ్వ చేతులు పట్టుకుని ఏడవాలనిపించింది.

మూడోసారీ బొక్కెన తేలింది. నీళ్లకు వచ్చిన పుల్లయ్య భార్య నాగలక్ష్మమ్మ ఇక చూడలేకపోయింది. "అట్ల కాదుమ్మే! తాడు జాడించాల!" అంటూ వచ్చి అదే తాడు పట్టుకుంది. "ఇదిగో, ఇట్ల."

బొక్కెన బుడుంగుమంది. ఇద్దరూ కలిసి లాగారు.

"ఏమే, ఏం చేస్తాండావు?" అని అరిచాడు పుల్లయ్య.

"నేర్పిస్తాండా. దినామూ చేదుకుంటాదంటివి కదా, మర్చిపోయినట్టుండాది."

గేరి జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఏడుగురు సాక్షులూ ఎవరి చెప్పులు వాళ్లు చూసుకున్నారు.

"అమ్మా, ఈమె ఇదివరకు ఎప్పుడైనా ఇక్కడ చేదిందా?" అని అడిగాను.

నాగలక్ష్మమ్మ మొగుడి వైపు చూసింది. "లేదు సార్. పోసేది మేమే. పోయనిదీ మేమే. రాసుకోండి." తడిచేత్తోనే వేలిముద్ర వేసింది. అది కాస్త అలుక్కుపోయింది గాని, అంత గట్టి సాక్ష్యం నేను మళ్లీ చూడలేదు.

తర్వాత ఆమె అలవాటు కొద్దీ బొక్కెన ఎత్తి ఉరుకుందమ్మ కడవలో పోయబోయింది.

"ఉండు తల్లీ" అంది ఉరుకుందమ్మ, బొక్కెన అందుకుంటూ. "నేను పోసుకుంటా."