బాతుకాలి అమ్మోరు

లెస్కాలియే బడిలో జగన్నాథం మేష్టారంటే మాటలా! ఐదో జార్జి రాజయిన కొత్తల్లో, సముద్రం మధ్య ఆ దీవిలో, చెరకుతోటల నడుమ ఆ ఊళ్ళో టై కట్టుకు తిరిగే తెలుగువాడు ఆయనొక్కడే. శనివారం భజనలో ముందు గొంతెత్తేదీ ఆయనే. ఎంత దర్జా ఉన్నా ఉద్యోగం మాత్రం టెంపరరీ. సోమవారం ఇన్‌స్పెక్టర్ మార్సెల్ దొర వచ్చి, పాఠం చూసి మెచ్చుకుంటేనే ఖాయం. లేదంటే తండ్రిలాగే కత్తి పట్టుకుని చెరకులోకి దిగాలి.

దొరగారికి పుస్తకం పాఠాలు గిట్టవు. పిల్లలు తమ చేతుల్తో తవ్వి, కడిగి, పట్టుకు చూసి నేర్చుకోవాలట. సరే, శిలాజాల పాఠం చెబుదామనుకున్నాడు మేష్టారు. దగ్గర్లోని బురదనేలలో ఎప్పుడో అంతరించిన డోడో పక్షి ఎముకలు దొరికాయని దొరలంతా మురిసిపోతుంటారు కదా. పిల్లలు బడి పెరట్లో అలా తవ్వగానే డోడో అడుగు పడిన రాయి ఇలా బయటపడితే, ఇంకేం కావాలి? తాను శిలాజాన్ని కళ్ళారా చూసిన పాపాన పోలేదు, అయినా వెనకాడే మనిషా! సున్నం, ఇసుక, మిల్లునుంచి తెచ్చిన బెల్లపు మడ్డి కలిపి ముద్ద చేశాడు. ఒక బాతును పట్టి దాని కాలు అందులో అదిమాడు. డోడో వేళ్ళ మధ్య బాతుకున్నట్టు తోలు ఉండదని ఆయనకెవరు చెప్పాలి? ముద్ద ఎండి బండరాయిలా తయారైంది.

శనివారం పొద్దున్నే భజనకని తలస్నానం చేసి, దారిలో బడి పెరట్లోకి వచ్చాడు. మట్టంటుకుంటుందని బూట్లు విప్పాడు. గొయ్యి తీసి రాయిని పదిలంగా దించి, మట్టి కప్పుతూ, దొర ముందు చెప్పాల్సిన ఇంగ్లీషు ఉపన్యాసాన్ని కళ్ళు మూసుకుని వల్లెవేసుకున్నాడు. బడి ఊడ్చే పాపమ్మ కంచె అవతలనుంచి ఇదంతా చూసింది. తోట గట్టున రాయి నిలబెట్టి అమ్మోరని మొక్కడం ఆ తోటకూలీలకి తాతలనాటి అలవాటు. తడిజుట్టుతో, వట్టికాళ్ళతో, భజన గురువే ఏదో జపిస్తూ భూమిలో రాయి దించుతుంటే ఆవిడకి ఇంకేం తోస్తుంది?

సోమవారం మేష్టారు వచ్చేసరికి ఆ చోటంతా పసుపు, కుంకుమ, ఎర్ర మందారాలు. చుట్టూ ఆడవాళ్ళు. పారలు పట్టుకోమంటే పిల్లలు చేతులు జోడించారు. ఇంతలో దొర దిగనే దిగాడు, ఆ పూలన్నీ తన స్వాగతానికేననుకుని మురిశాడు. చేసేదిలేక మేష్టారే తవ్వాడు. పెట్టినాయనే తీస్తున్నాడు కదా, దర్శనమిప్పిస్తాడేమోనని ఆడవాళ్ళూ ఊరుకున్నారు.

రాయి చూసి దొర కళ్ళు పెద్దవయ్యాయి. వేల ఏళ్ళ నాటిదన్నాడు, పట్నంలో, పోర్ట్ లూయీ మ్యూజియంలో ఉండాలన్నాడు, మేష్టారి ఉద్యోగం ఆ రోజునుంచే ఖాయమన్నాడు. జగన్నాథం గాల్లో తేలిపోయాడు. పోర్ట్ లూయీ అన్న మాట చెవిన పడగానే పాపమ్మ అడ్డంగా వచ్చి నిలబడింది.

"మిస్యే, ఆ రాయి ఎక్కడికీ రాదు. మా మేష్టారే సామ్దీ, అదే శనోరం, పొద్దున్న జోళ్ళిడిసి, మంత్రాలు సదివి, సొంత సేతుల్తో పెట్టినారు. నా కళ్ళతో సూసినాను," అని దొరకి అర్థమయ్యే క్రియోల్ భాషలో మళ్ళీ విడమరిచి మరీ చెప్పింది.

దొర మేష్టారి మొహంలోకి చూశాడు. రాతిని గోటితో గీకి, వేలు నాలుకకి తగిలించాడు. తియ్యగా ఉంది.

"ఏమిటిది?"

"బాతు కాలు, మిస్యే," అన్నాడు జగన్నాథం, పాతాళంలోంచి వచ్చినట్టు.

తనకి కావలసింది మేష్టారే గాని మిఠాయిలవాడు కాదని చెప్పి, రాయి ఆయన చేతుల్లో పడేసి, దొర బండెక్కి వెళ్ళిపోయాడు.

పాపమ్మ కళ్ళు తుడుచుకుంది. అమ్మోర్ని దొర ఎత్తుకుపోకుండా నౌకరీనే వదులుకున్న మహానుభావుడని అందరికీ చెప్పింది. మేష్టారు తల బాదుకుని, అది నిజంగానే బాతుకాలని ఒట్టేశాడు.

"అలాగే బాబూ, బాతే," అంది పాపమ్మ గొంతు తగ్గించి. "మళ్ళీ దొరొస్తే అందరం బాతనే సెప్తాం."

రేపటినుంచి చెరకు కొట్టాలన్న దిగులుతో ఆయన బావురుమన్నాడు. అది భక్తి అనుకుని పిల్లలంతా వరసగా వచ్చి ఆయన కాళ్ళకి మొక్కారు.